నాలుగు సున్నాలు

గుణుపురం సంతకి తెల్లారకుండానే మంచు దిగుతాది
వంశధార మీంచి, పసుపు కొమ్ముల వాసనతో.
మా కొనుగోలు కేంద్రం రేకుల షెడ్డు.
ఒక కాటా, ఒక పాత లాప్‌టాప్,
దాని మూతకి అంటించిన లక్ష్మీదేవి సగం చిరిగింది.

కాటాకీ లాప్‌టాప్‌కీ మధ్య తీగ లేదు.
గాల్లోంచే వొస్తాది బరువు.
సవర ఆడవాళ్ళు చింతపండు గంప దించి
ఆ ఖాళీకేసి చూస్తారు.
అక్కడే ఏదో పోతోందని
నాకంటే ముందు వాళ్ళకి తెలుసు.

"మోస్తే ఉంది, తూస్తే లేదు"
అంది సుగ్రి రయితా, మెడ వెనక చెయ్యేసి.
పదకొండు కిలోమీటర్లు తూచింది ఆ మెడ.

'కనెక్ట్' అని కొట్టాను. అవలేదు.
మళ్ళీ కొట్టాను.
కాటా ఇంకెవరితోనో మాటల్లో ఉంది.

నల్ల తెర తెరిచాను.
బొమ్మలుండవు అందులో, బటన్లుండవు,
అడిగినదానికి మాత్రం జవాబు చెప్తాది,
మా ఇంట్లో పెద్దవాళ్ళెవరికీ లేని గుణం.
'స్కాన్ ఆన్' అంటే
సంతంతా వరసగా దిగింది తెరమీదికి:
ఆరేసి జతల అంకెలూ అక్షరాలూ, పక్కన పేరు.
బోండాల బండి స్పీకరు.
పశువుల డాక్టరు చేతి వాచీ.
ఎవరో బ్యాంకు గుంటడి చెవిలోది, ఎడమది ఒక్కటే.
పేరు పెట్టనివాటికి పేరు బదులు మళ్ళీ అంకెలే.
అన్నిటికన్నా అడుగున
'కూర్మారావు నోట్ టెన్'.

మా మావయ్య.
నన్ను ఈ పనిలో పెట్టించినవాడు.
షావుకారు దగ్గర ముప్పయ్యేళ్ళు తూనికరాళ్ళు పట్టినవాడు,
రాయి పొట్టలో సీసం తీసి మైనం నింపే రోజుల్నించీ.

లాప్‌టాప్‌ని చంటిపిల్లలా చంకనేసుకుని నడిచాను.
మైనస్ ఎనభై రెండు.
మిరపకాయలవైపు తొంభై. వెనక్కి తిరిగాను.
డెబ్బై. అరవై ఒకటి.
చింతపండు గుట్ట దాటేసరికి నలభై నాలుగు.
బస్తామీద కూచుని బీడీ వెలిగిస్తూ
"ఏటే, అది ఎత్తుకుని ఊరేగుతున్నావ్" అన్నాడు.
తొడమీద ఫోను బోర్లా తిప్పేడు.

నేనేమీ అన్లేదు.
కాటాకి కంపెనీవాడిచ్చిన తాళం నాలుగు సున్నాలు.
ఎవరొచ్చినా తలుపు తీసేస్తాది.
సున్నా ఎక్కడ మొదలవ్వాలో
ఎవరైనా దాని చెవిలో చెప్పొచ్చు,
గంపకి కిలోన్నర కిందకి.

బ్లాక్ చెయ్యడం తెలుసు నాకు, రిమూవ్ చెయ్యడం తెలుసు.
చుట్టరికానికి ఆ మాటలు పనిచెయ్యవు.

నలుగురు ఆడవాళ్ళని పిలిచాను.
"తలో అంకె నొక్కండి. నాకు చెప్పొద్దు."
గోడకేసి తిరిగి నిలబడ్డాను.
కీచుమంది. కీచుమంది.
మూడోది సుగ్రి వేలు. నొక్కుతూ నోరు జారింది:
"బాగు."
సవర లెక్కలో అది రెండు.
నాలుగోది చాలాసేపు ఆలోచించి నొక్కింది.

లాప్‌టాప్ అడిగితే మళ్ళీ అదే వరసలో నొక్కించాను.
కళ్ళు మూసుకునే తెర తుడిచాను.
తర్వాత 'ట్రస్ట్' అని కొట్టాను.
యంత్రానికి నమ్మకం ఒక్క లైను పని.

సుగ్రి గంప మళ్ళీ ఎక్కింది.
పద్దెనిమిది కిలోల నాలుగొందలు.
ఇందాక పదహారు తొమ్మిదొందలు.
ఆవిడ నవ్వలేదు. మెడ తడుముకుంది.
"మరి పోయిన సంతది?" అంది.
నేను తెరకేసి చూశాను.
పోయిన సంతకి ఆ తెరమీద ఏ మాటా లేదు.

రాత్రి అన్నాల దగ్గర
మావయ్య కంచంలోకి చూస్తూనే అడిగేడు:
"కాటా నంబరు మార్చీసేవట. ఏటది?"
"నాలుగిట్లో ఒక్కటే తెలుసు మావయ్యా. బాగు."
ముప్పయ్యేళ్ళు సవరల గంపలు తూచినా
వాళ్ళ లెక్క ఒకటి దాటి రాదు ఆయనకి.
"బాగేటి బాగు" అన్నాడు,
చారు వొంపుకుంటూ.