మూడో అర, ఎడమ నుంచి ఐదోది

అతనికి ఆ పుస్తకం తీసిచ్చింది నేనే.
మార్చిలో ఒక బుధవారం,
కెంటకీ కొండల మీద మంచు కరిగి
దారులన్నీ బురదైన పూట,
థర్మన్ సైజ్‌మోర్ గుమ్మం దగ్గరే బూట్లు విప్పి
చిరుగు మేజోళ్ళతో లోపలికొచ్చాడు.
"పన్నుల చట్టం కావాలి, ఇమొజీన్.
లైబ్రరీ పన్ను ఉన్న భాగం."
ఎందుకని అడగలేదు.
అడగకూడదన్నది మా పనిలో మొదటి పాఠం.
మూడో అర, ఎడమ నుంచి ఐదోది.
ఎర్ర అట్ట, వెన్ను మీద బంగారు అక్షరాలు సగం రాలాయి.
జిరాక్సు పేజీకి పది సెంట్లు, నాలుగు పేజీలు.
నలభై సెంట్లకి రసీదు రాశాను.

మే నెలలో ఆ నాలుగు పేజీలే
దావా కాగితాల వెనక కుట్టుకుని
నా బల్ల మీదికి తిరిగొచ్చాయి.
ప్రతివాది: గ్రంథాలయ బోర్డు.
ప్రతి పేజీ అంచునా
మా జిరాక్సు యంత్రం గీసే నల్లచార,
నేనెప్పుడూ బాగు చేయిద్దామనుకునేది.

తగువు చిన్నదే.
వంద డాలర్ల ఆస్తికి ఆరు సెంట్లు.
మొదట్లో మూడే, ముప్పై ఏళ్ళలో ఆరైంది.
పెంచాలంటే ఓటర్లలో సగానికి పైగా సంతకాలుండాలని ఒక సెక్షను.
అక్కర్లేదు, బోర్డు తీర్మానం చాలని ఇంకొకటి.
ఒకే ఇంటికొచ్చిన తోడికోడళ్ళు,
ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.
మధ్యలో "పైన చెప్పినదానితో నిమిత్తం లేకుండా" అని ఒక ముక్క.
ఎంత పైన?
ఆ ప్రశ్నకి అటూ ఇటూ ఇద్దరు లాయర్లు
గంటకి రెండు వందల ఎనభై చొప్పున కాపలా.

ఓడితే మూడు సెంట్లకి దిగాలి.
ఎక్కువ తీసుకున్నది తిరిగివ్వమంటే
ఏం ఇవ్వను?
కప్పు మీది రేకులు పీకి ఇవ్వనా?
లోయల్లోకి పుస్తకాల బండి తోలే ఓడెల్ జీతమా?
గని మూసేసిన ఏడాది
ఊరు ఊరంతా వరసలో నిలబడి
ఉద్యోగాల దరఖాస్తులు నింపిన ఆరు కంప్యూటర్లా?
చదివేసిన పుస్తకాన్ని
ఎవరి బుర్రలోంచి వాపసు తీసుకోను?

ఇవన్నీ కోర్టులో చెప్పాలని కాగితం మీద రాసుకుపోయాను.
సాక్షిని అడిగింది తీర్మానాల తేదీలు. అవే చెప్పాను.

తర్వాత థర్మన్ లేచాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు భూమి కింద పనిచేసినవాడు,
రెండు మాటలకోసారి ఊపిరి వెతుక్కుంటాడు.
"పుస్తకాల మీద నాకు పగ లేదమ్మా.
గని మూసేటప్పుడు అడగలేదు.
నా పింఛను కోసేటప్పుడు అడగలేదు.
మీరైనా అడుగుతారనుకున్నా."
జడ్జి కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచింది.
జవాబు చట్టంలో ఉందేమో తెలీదు,
నా కాగితంలో మాత్రం లేదు.

ఆ రాత్రి కరెంటు బిల్లు వెనక లెక్కేశాను.
అతని ఇల్లు నలభై వేలు.
మాకిచ్చేది ఏడాదికి ఇరవై నాలుగు డాలర్లు.
మళ్ళీ వేశాను. ఇరవై నాలుగే.
అంతేనా అని ఒకసారి అనిపించింది,
అంతా అని ఇంకోసారి.

వేసవి గడిచింది. తీర్పు రాలేదు.
కిరాణా కొట్లో ఒకరు
చిల్లర నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టారు.
థర్మన్ ట్రక్కు అద్దం మీద ఎవరో గుడ్డు కొట్టారు.
ఓడెల్‌ని అడిగితే
ఆ రోజు తను ఊళ్ళోనే లేనన్నాడు,
ఏ రోజో నేను చెప్పకముందే.

నిన్న మళ్ళీ వచ్చాడు.
బురద లేకపోయినా బూట్లు విప్పాడు.
"అప్పీలు చేసుకోడానికి ఎన్నాళ్ళు గడువో, అది కావాలి."
ఈసారి మొదటి పాఠం మరిచాను.
"ఎవరికి?" అన్నాను.
"ఎవరు ఓడితే వాళ్ళకి."
మూడు పేజీలు. రెండేసి తీయమన్నాడు.
అరవై సెంట్లు లెక్కపెట్టి నా అరచేతిలో పెట్టి
ఒక జత మడిచి జేబులో పెట్టుకున్నాడు,
ఒక జత బల్ల మీదే వదిలాడు.
రసీదు వద్దన్నాడు.
రాశాను.