సుద్ద గీత

రైలుకట్ట మింది బ్రిడ్జి ఎక్కేటప్పుడే జారుతాది.
చదును మింద జారదు, పల్లంలో జారదు.
సద్దిక్యారేజీ హ్యాండిల్‌కు తగిలించుకొని
పాలిష్ ఫ్యాక్టరీ సైరను కంటే ముందు చేరాలని
సీటు మింద నుంచి లేచి తొక్కుతానే, అప్పుడు
టక్‌మని
కాలికింద ఏమీ లేకుండా పోతాది.
చీకట్లో, లేని మెట్టు మింద అడుగేసినట్టు.
మోకాలిచిప్ప కడ్డీకి కొట్టుకొని
రోజూ అదే ఐదో దీపస్తంభం కాడ
రోజూ అదే తిట్టు.

చైను వదులైందన్నాడు కటింగు మిషను నాగభూషణం.
చక్రం వెనక్కి లాగి బిగించినా.
నూనె పొయ్యమన్నాడు లారీ క్లీనరు.
పోసినా.
తాడిపత్రి బండల దుమ్ము సంగతి తెలిసిందే,
నూనె కనపడితే చాలు
పెండ్లికొచ్చిన చుట్టం మాదిరి దిగుతాది, పోదు.
కడాకు నూట అరవై పెట్టి చైనే మార్చినా.
కొత్తది పాతదానికంటే గట్టిగా జారింది.

ఇంగ తోసుకుంటా పోయినా మాబున్ని కాడికి.
గూడ్స్‌షెడ్డు గోడకు కట్టిన గోనెపట్ట నీడ,
ఒక నీళ్ళతొట్టి, ఒక గాలిపంపు. అంతే అంగడి.
ఆమె రెంచి ముట్టుకోలేదు.
"జారినప్పుడు చప్పుడొస్తాదా, ఉత్తగ పోతాదా?"
ఇన్నాళ్ళు పడినోన్ని
ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు.
కండ్లు మూసుకొని, మోకాలినడిగి చెప్పినా:
చప్పుడొస్తాది.

చెవి మింద సుద్దముక్క తీసి
వెనక ఫ్రీవీల్ కాడ ఒక లింకు మింద గీత,
దాని కిందుండే పన్ను మింద ఇంగో గీత.
చక్రాన్ని కాలితో అదిమి పట్టి
"తొక్కు" అనింది.
తొక్కినా. టక్.
గీతలు రెండూ విడిపోయి
లింకు ఒక పన్ను దాటి ముందర కూర్చోనుంది.

"గీతలు కలిసే ఉండి, కాలు ఉత్తగ పోతే
లోపల కుత్తాలు నిద్దరపోయినట్టు.
ఇది అది కాదు."
కుత్తాలంటే కుక్కలే.
ఫ్రీవీల్ లోపల రెండు కుక్కలుంటాయని,
అవి కరిచి పట్టుకుంటేనే చక్రం కదులుతాదని
నలభై ఏండ్ల వయసులో తెలిసింది నాకు.
పెడలు వెనక్కి తిప్పింది.
టికటికటికటిక.
"ఇను, మేలుకోనే ఉండాయి."

తర్వాత పండ్లు చూపించింది.
గోటితో ఒక్కొక్కటీ తడిమింది.
ఒకపక్కకు వంగి, కొడవలి మొనల మాదిరి,
పన్నెండేండ్లు ఒకే చైను గుంజితే అరిగిన పండ్లు.
"ఆ చైను సాగింది, దాని సాగుడుకు ఇవి అరిగినాయి.
కొత్తదానికి వీటి లెక్క యాడ తెలుస్తాది?"

ఫ్రీవీల్ రెండువందల ఇరవై.
బట్వాడా శనివారం. ఆ పొద్దు మంగళవారం.
ఆమె నా జేబు వైపు చూడలేదు గానీ
"పాత చైను యాడ పారేస్తివి?" అనింది.

పారెయ్యలేదు. మా సుంకమ్మ దాన్ని
మేకలదొడ్డి తడికెకు చుట్టింది.
ఇంటికి పోయి విప్పుకోనొస్తాంటే
వీధి మలుపు దాకా ఆమె గొణుగుడు ఇనపడింది.

కిరసనాయిల్లో నానేసి
పాత పండ్లబ్రష్షుతో తోమి
ఒక జత లింకులు తీసి, రివిటు కొట్టింది.
వేలితో నొక్కితే అర అంగుళం దిగాలంట.
"బిగదీస్తే ఇరుసు ఏడుస్తాది.
రెండు నెలలు లాగుతాయి. మళ్ళ రెండూ ఒకేతూరి మార్చాల,
ఒకటి ఉంచుకొని ఒకటి కాదు."
పదిహేను రూపాయలు తీసుకొని
సుద్దముక్క మళ్ళ చెవి మింద పెట్టుకుంది.

మరుసటి పొద్దున ఐదో దీపస్తంభం.
లేచి తొక్కినా.
చైను జారలేదు.
మోకాలు మాత్రం అక్కడికి రాంగానే
పడేదానికి తయారై, రవంత ఆగింది.

కొత్త చైను ఇప్పుడు మేకలదొడ్డికుంది.
మా వీధిలో ఇంత ఖరీదైన తడికె ఇంగొకరికి లేదు.
మేకలు వచ్చి దాన్ని వాసన చూసి
నూనె ఘాటుకు తుమ్ముతాండాయంట.