దగ్గు మీట

గాజు గదిలో ఇద్దరు.
అరగంటకొకసారి గొంతు మార్చుకుంటారు,
పొలానికి నీళ్ళు వంతులేసుకున్నట్టు.
ఇప్పుడు మ్యురువెత్ వంతు.

దుబాసీ పనికి ఒకటే నియమం:
కింద సభలో ఎవరు మాట్లాడితే
వాళ్ళే 'నేను'.
పొద్దుట్నించి ఆమె
చేపల వేట తగ్గిందని గోల పెట్టిన డేనిష్ జాలరి బిడ్డ,
ద్రాక్షతోటకు వడగళ్ళ పరిహారం అడిగిన ముసలాయన,
తేనె సీసా మీద దేశం పేరు ఎంత లావు అక్షరాల్లో ఉండాలో
వాదించి వాదించి నీళ్ళు తాగిన స్లోవేనియా ఆవిడ.

నవ్వకండి.
ఒకప్పుడు ఫిరంగులతో తేల్చుకున్న సంగతుల్ని
ఇప్పుడు సవరణ కాగితాలతో తేల్చుకుంటున్నారు.
విసుగ్గానే ఉంటుంది.
ఈ విసుగు సంపాదించడానికి
ఎన్ని ఊళ్ళు తగలబడ్డాయో.

పన్నెండు దాటాక ఒకాయన లేచాడు.
నీలం టై. ఆయనకిచ్చింది ఒక్క నిమిషం.
మా బళ్ళో హాజరుపట్టీ చదవడానికి
పంతులమ్మకు నోరు తిరగడం లేదన్నాడు.
మా దేశం మాకు తిరిగి కావాలన్నాడు.

'మా' అన్నాడో, 'మన' అన్నాడో!
ఆయన భాషలో రెండూ ఒకటే. ఆమె భాషలోనూ అంతే.
నా భాషలో మాత్రం
ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం,
వాకిట్లో నిలబెడితే మేము.
తెలుగు నేర్చుకునే పరాయివాడు
మొదట తట్టుకుని పడేది ఈ గడప దగ్గరే.
సందర్శకుల వరసలో కూచుని
ఏ మాట వెయ్యాలో నేను తేల్చుకునేలోగా
ఆమె అనేసింది, చదునుగా, కామా కూడా పోకుండా:
నాకు నా దేశం తిరిగి కావాలి.

ఆమెకు ఏడేళ్ళప్పుడు, జనవరిలో,
కర్జాలి కొండల్లోని పొగాకు ఊరికి
ఒక జీపు వచ్చింది, ఒక బల్ల వచ్చింది,
బల్గేరియన్ పేర్ల జాబితా ఒకటి వచ్చింది.
వెనక లైను పెరుగుతుంటే
నాన్న కంగారులో మూడో వరస మీద వేలు పెట్టాడు.
మర్నాటినుంచి బళ్ళో ఆమె స్నెజానా.
మంచు అని అర్థం. బయట మంచు పడుతూనే ఉంది.
తాత సమాధి రాతికి సిమెంటు పూశారు.
వీధిలో టర్కిష్ మాట్లాడితే జరిమానా.
నానమ్మ మేకతో మాట్లాడేది.
మేకను ఎవరూ పట్టుకోలేదు.

పన్నెండో ఏట
ప్రభుత్వం కూలాక, ఒక కాగితం నింపి
పేరు వెనక్కి తెచ్చుకున్నారు.
భాష మాత్రం ఉండిపోయింది.
ఇవాళ ఆమెకు అన్నం పెట్టేది అదే.
కొడుకును తిట్టేదీ, కూరగాయల లెక్క కట్టేదీ అందులోనే.
కొట్టిన చెయ్యే కూచోబెట్టి జడ కూడా వేసింది,
ఏం చేస్తాం.

నలభై సెకన్లు. ఆయన గుక్క తిప్పుకున్నాడు.

ఆమె ముందు రెండు మీటలు.
ఒకటి గొంతుకి, రెండోది దగ్గుకి:
నొక్కి పట్టినంతసేపు సభకేమీ వినబడదు.
ఆమె దగ్గు మీట నొక్కింది.
దగ్గలేదు.
పెదాలు ఒకసారి కదిలాయి.
పక్కనున్న లచెజార్ తలెత్తి చూశాడు, మళ్ళీ దించుకున్నాడు.
ధన్యవాదాలు అధ్యక్షా, అన్నాడాయన.
ధన్యవాదాలు అధ్యక్షా, అంది ఆమె, ఆయనై.

సాయంత్రం కేల్ వెళ్ళే ట్రామ్‌లో
ఇదంతా ఆమే చెప్పింది.
రైన్ అవతల బట్టల సబ్బు చవకట.
లోపల ఏమన్నావని అడిగాను.
"దగ్గాను" అంది.

వంతెన దిగగానే ట్రామ్ ఆపారు.
తీసేశామన్న తనిఖీ ఈ మధ్య మళ్ళీ మొదలైంది.
ఇంకా మీసం గట్టిపడని జర్మన్ పోలీసు
ఆమె కార్డు వెలుగుకు పట్టి
పేరు కూడబలుక్కున్నాడు.
తప్పు. మళ్ళీ చూశాడు, మళ్ళీ తప్పు.
రోజంతా ఎవరెవరి మాటలో అందించిన మనిషి
ఈసారి అందించలేదు.
సంచీ ఒళ్ళో పెట్టుకుని, తొందరేం లేదన్నట్టు
అతని నోటికేసి చూస్తూ కూచుంది.

మూడోసారి
దాదాపు వచ్చింది.