వేలిముద్ర రాని మనిషి

డోనట్ల కొట్టుకీ లాండ్రీకీ మధ్య
ఒంటి గది నాది.
స్టాక్‌టన్‌లో నర్సు కావాలన్నా, బడి బస్సు నడపాలన్నా
ముందు నా గాజుపలక మీద
పది వేళ్ళూ ఆనించి పోవాలి.

మంగళవారం పొద్దున్నే వచ్చింది డెల్ఫీనా అర్రియెటా.
వద్దంటున్నా బూట్లు గుమ్మం బయటే విడిచి
జనరల్ కాంట్రాక్టర్ లైసెన్సుకని కాగితం చాపింది.
పరీక్ష అయిందా అంటే
రెండోసారికి, అంది.
మొదటిసారి కాంక్రీటు దగ్గరే పోయిందట.
"సెంట్రింగ్ ఎన్నాళ్ళకు విప్పాలి అని అడిగారు.
నేను ఎండని చూసి విప్పుతాను.
ఆ జవాబు నాలుగింట్లోనూ లేదు."

అనుభవ పత్రంలో నాలుగేళ్ళు అని ఉంది.
చేసింది ఇరవై రెండు.
సంతకం పెట్టిన పాత మేస్త్రీ హాలరన్
"ఫారం అడిగింది నాలుగేగా" అన్నాడట.
మిగతా పద్దెనిమిదీ ఎక్కడున్నాయో నేను అడగలేదు,
తనే చెప్పింది:
హైవే పక్క టైర్ల షాపు నేల,
మెథడిస్టు చర్చి మెట్లు,
ఒక పళ్ళ డాక్టరు ఈతకొలను చుట్టూ గట్టు.

కుడి బొటనవేలు పెట్టించాను.
తెర మీద తెల్లటి మరక.
తుడిచి పెట్టించాను. అదే మరక.
చూపుడువేలు, మధ్యవేలు,
గీత అన్నది ఉంటే ఒట్టు.
కొంత సున్నం తినేసింది, కొంత సిమెంటు,
మిగిలింది తాపీ పిడి.

మా అమ్మమ్మకి సంతకం రాదు.
బట్టంబాంగ్‌లో ఏ కాగితానికైనా బొటనవేలే.
ఈవిడకి సంతకం దివ్యంగా వచ్చు,
చివర తోక తిప్పి మరీ పెడుతుంది.
రానిది వేలిముద్ర.
ఆ వేళ్ళనే అనుభవ పత్రానికి పిన్ను కొట్టి
పంపేద్దామనిపించింది.

"వారం రోజులు సిమెంటు ముట్టకు.
రాత్రిళ్ళు మందు రాసి చేతులకు మేజోళ్ళు తొడుక్కో,
చర్మం వస్తుంది" అన్నాను.
పెదాలు కదిలించి ఏదో లెక్క వేసుకుంది.
వారమంటే ఎంతో నాకు చెప్పలేదు.
బూట్లు తొడుక్కుంటూ నా గుమ్మం ముందు చప్టా చూసి
"ఇదెవడు పోశాడు?" అంది.
ఓనరు బావమరిది, అన్నాను.
"తెలుస్తోంది."

వారానికి వచ్చింది,
ఎవరి చేతులో అరువు తెచ్చుకున్నట్టు
రెండూ ఎత్తి పట్టుకుని.
ఆవుల పొదుగులకు రాసే మందు వాసన.
ఏడు వేళ్ళు పలికాయి, మూడు పలకలేదు.
పంపాను, తిరిగొచ్చాయి.
మళ్ళీ పంపాను, మళ్ళీ తిరిగొచ్చాయి.
రెండుసార్లు వెనక్కొస్తే
వేళ్ళు వదిలేసి పేరు పెట్టి వెతుకుతారు.
ఆ పనేదో ముందే చేయొచ్చుగా, అని ఆవిడ అనలేదు.
నేనే అనుకున్నాను,
ఆ వారం కూలి గుర్తొచ్చి.

అక్టోబరులో ఒక పికప్ వచ్చి ఆగింది.
తలుపు మీద పేరు, పేరు కింద ఏడు అంకెలు,
ఇంకా పెయింటు కంపు కొడుతూ.
ఓనరు ఎట్టకేలకు చప్టాకి ఒప్పుకున్నాడు.
ఆవిడ రాసిన మొదటి ఎస్టిమేటు మాదే.
"తప్పులుంటే చెప్పు" అని నాకు చూపించింది.
పేజీ అడుగున సంతకం,
తోక ఇంకాస్త పొడుగైంది.

పోసింది, బద్ద లాగింది,
మోకాళ్ళ మీద వెనక్కి వెనక్కి జరుగుతూ
అద్దంలా తీర్చింది.
డోనట్ల కొట్టు లీప్ గారి మనవడు
ఎక్కడ నుంచి ఊడిపడ్డాడో,
వంగి అరచెయ్యి ఆనించేశాడు.
అయిదు వేళ్ళూ, గీతలతో సహా.
చిన్నపిల్లాడు, పోనీ ఉంచెయ్యి, అన్నాను.

డెల్ఫీనా ఆ అచ్చుని చాలాసేపే చూసింది.
తర్వాత తాపీ ఒక్కసారి ఆడించింది.
"ఎస్టిమేటులో లేదది."

వాడి మొహం ఏడుపుకి సిద్ధమవుతోంది.
అంచు చెక్క మీద రసమట్టం పెట్టి
బుడగ మధ్యలో ఉందో లేదో
చూసి చెప్పమంది.
వాడు బోర్లా పడుకుని,
ఒక కన్ను మూసి,
ఇంకా చెప్పడం లేదు.