వాడకం: నాలుగు శాతం

రాజధాని నుంచి పదకొండు గంటల బస్సు.
ఒళ్లో పసిపిల్లలా కొలత పెట్టె.
కెబ్రాడా ఓండా అగ్నిమాపక కేంద్రంలో
ఎర్సీలియా కుర్చీ చూపించి
టీ, సగం మర్రకేటా రొట్టె ముందు పెట్టింది.
"ఏం తూచడానికొచ్చావు?"
"గాలిని," అన్నాను.
ఆమె నవ్వలేదు.

నిజానికి నా పని అదే.
ఈ ఊరి మీది గాలిలో
పన్నెండున్నర కిలోహెర్ట్జ్ సందు ఒకటి
ఈ స్వచ్ఛంద దళం పేరున రాసి ఉంది.
అందులో ఎంతసేపు మాట్లాడుతున్నారో, ఎంతసేపు ఊరుకుంటున్నారో
కొలిచి గడిలో అంకె వేయాలి.
ఖాళీ జాగా కనబడితే
మా ఆఫీసు వేలం వేస్తుంది.

ఇరవై ఆరు రోజులు తెర మీద గీత
ఎండిన ఏటి అడుగులా పడుకుంది.
పొద్దున ఏడింటికి చిన్న గుబ్బ:
"సెంట్రల్, వినబడుతోందా?"
"వినబడుతోంది."
అంతే.
రొట్టెల కొట్టు ఎలెయుతేరియో గొంతు అది,
దళానికి కెప్టెనూ అతనే.
ఒకసారి స్తంభమెక్కిన పిల్లి. ఒకసారి గ్యాసు వాసన.
వాడకం నాలుగు శాతం, అని రాసుకున్నాను.
నా భుజం మీదుగా చూసి ఆమె అంది:
"మా బండి ఏడాదిలో ఎన్ని రోజులు
షెడ్డులోనే ఉంటుందో అదీ రాసుకో.
తర్వాత దాన్నీ అమ్మేద్దురు గాని."

ఇరవై ఏడో రోజు. ఫిబ్రవరి. సాయంత్రం నాలుగు.
పైన్ తోటల వెనక ఆకాశం రాగి చెంబయింది.
నా తెర మీద గీత లేచింది,
లేచింది, ఇక దిగలేదు.

ఆమె బల్ల మీద మూడు రేడియోలు:
దళానిది, పోలీసులది, అటవీ బ్రిగేడ్‌ది.
మూడు కాలాల్లో కొన్నవి, మూడు వేరు వేరు బ్యాండ్లు.
కొండ ఒకటే, మంట ఒకటే,
ఒకరి మాట ఇంకొకరి చెవిన పడదు.
ఒకదాని మైకు ఇంకొకదాని స్పీకరుకు ఆనిస్తే
కూత పెట్టి చచ్చింది.
"నువ్వు పోలీసులది పట్టుకో," అంది నాతో.
"నొక్కు. ఒక్క క్షణం ఆగు. మాట్లాడు. వదులు."

వంతెన దాటేసింది మంట, ఎలెయుతేరియోకి తెలుసు.
బడి పిల్లల బస్సును వంతెన వైపే
పంపుతున్నారు పోలీసులు.
అతను చెబుతున్నాడు, సగం మాట లోయ మింగింది,
మిగతా సగం మీదికి ఎవరిదో గొంతు ఎక్కింది:
"సామన్ చేపల లారీ ఎక్కడిదాకా వచ్చింది?
ఐస్ కరుగుతోంది, ఐస్ కరుగుతోంది—"
పాపం, అతని తప్పు లేదు.
పక్క ముక్కను
మూడేళ్ల కిందట అతని కంపెనీకి రాసిచ్చింది మేమే.
ఆ కాగితం మీద రెండో సంతకం నాది.

"మళ్లీ చెప్పు. మళ్లీ."
ఎర్సీలియా కళ్లు మూసుకుని వింటోంది
బియ్యంలో రాయి ఏరినట్టు.
"వంతెన వద్దు! రంపపు మిల్లు దారి!"
నేను నొక్కాను. ఆగడం మరిచిపోయాను.
మొదటి మాట తెగిపోయి
"...వద్దు" ఒక్కటే వెళ్లింది.
మళ్లీ నొక్కాను.

బస్సు మిల్లు దారిన వచ్చింది.
పిల్లల ముక్కులన్నీ నల్లగా.
తెల్లవారుజామున ఎలెయుతేరియో దిగాడు,
కనుబొమలు లేవు.
మొహం కడుక్కుని
కొట్టు తెరిచి పొయ్యి అంటించాడు,
అయిదింటికి రొట్టె కావాలి కదా ఊరికి.

నేను సగటు తీశాను.
ఆ రాత్రంతా కలిపినా
నెల వాడకం నాలుగు పాయింటు ఆరు.

అంకె వేశాను. తప్పదు, అది నిజమే.
తెర మీద గీత మళ్లీ పడుకుంది.
ఏడింటికి చిన్న గుబ్బ. "వినబడుతోందా?"

ఫారం చివర రిమార్కుల గడి ఉంటుంది,
రెండు పంక్తుల జాగా.
ఎర్సీలియా దగ్గర సన్నమొన పెన్సిలు అడిగి తీసుకుని
చిన్న అక్షరాలతో మొదలుపెట్టాను.