తర్వాతిది

కాన్సస్ గాలి ఫిబ్రవరిలో తలుపు తట్టదు,
తోసుకునే వస్తుంది.
గంటకు పదకొండు డాలర్ల పని నాది:
లోవెల్ వోత్ ఆర్గన్ లోపల దూరి శ్రుతి చేస్తుంటే
బయట కూర్చుని మెట్టు నొక్కి పట్టుకోవడం.
డెబ్బై దాటినవాడు, మోకాళ్లకు తోలు పట్టీలు.

గోధుమ విత్తనాలు పెట్టెల అడుగున దాచుకుని
ఓడ దిగిన మెన్నోనైట్లు కట్టిన కాలేజీ ఇది.
ఈ ఆర్గన్ కొనేనాడు
పెద్దలు రెండు వర్గాలై మూడేళ్లు మాట్లాడుకోలేదట.
"దేవుణ్ణి పొగడడానికి గొంతు చాలదా?
ఈ తగరం గొట్టాలెందుకు?"

ఇప్పుడా గొడవ కూడా ఎవరికీ అక్కర్లేదు.
బుధవారం ప్రార్థనకి వచ్చేది ఆరుగురు,
మంచు పడితే నలుగురు.
పోయినేడు దైవశాస్త్రాన్ని తత్వశాస్త్రంలో కలిపేశారు,
ఒకే గది, ఒకే కాఫీ మెషిను.
ఈ బల్లల మీదే మాకు తర్కం చెబుతారు.
కీర్తనల పుస్తకాల అరలో ఎవరిదో ఫోన్ చార్జర్.
అయినా ఏడాదికి రెండుసార్లు శ్రుతి తప్పదు,
ఆల్వీనా ష్రాగ్ అనే ముసలావిడ
వీలునామాలో డబ్బు పెట్టి పోయింది.

నేను గార్డెన్ సిటీ పిల్లని.
మా అమ్మ పశువుల్ని కోసే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసొచ్చి
మేరీమాత ముందు కొవ్వొత్తి వెలిగించాకే చెప్పులు విప్పుతుంది.
ఇక్కడ కొవ్వొత్తి లేదు, బొమ్మ లేదు,
ఉత్త తెల్లగోడ.
మొదటి ఏడాది ఆ గోడకి భయపడ్డాను.

"తర్వాతిది," అంటాడు లోపల్నుంచి.
నొక్కుతాను.
రెండు స్వరాలు ఒకదాన్నొకటి గీరుకుంటూ వణుకుతాయి.
వణుకు నెమ్మదించి, నెమ్మదించి
ఆగుతుంది.
"తర్వాతిది."

శుక్రవారం నేనో వ్యాసం ఇవ్వాలి:
సందేహం కూడా ఒక విశ్వాసమేనా? ఐదు పేజీలు.
ఉండబట్టలేక అడిగేశాను:
"మిస్టర్ వోత్, మీరు నమ్ముతారా?"
గొట్టాల చీకట్లో చాలాసేపు ఏమీ లేదు.
చిన్న సుత్తి చప్పుడు. ఒక తుమ్ము.
"మా తాతది వద్దన్న వర్గం," అన్నాడు.
"తర్వాతిది."

ఒక గొట్టంలోంచి కందిరీగ గూడు తీసి,
మట్టిది, ఎప్పుడో ఎండిపోయింది,
నా అరచేతిలో పెట్టాడు కూలి ఇచ్చినట్టు.
ఎడమ చివరి స్వరం మాత్రం ఎంతకీ కుదరలేదు.
చలి తగ్గాక తనే దారికొస్తుందేమో,
ఏప్రిల్లో చూద్దామన్నాడు.

అతని వ్యాను మలుపు తిరిగాక
ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని
ఆ మెట్టే నొక్కాను.
సరిగ్గా వినపడలేదు.
నా కింద బల్ల వణికింది,
అరలో చార్జర్ వణికింది,
గూడులోంచి కాస్త మట్టి రాలింది.
వ్యాసానికి మొదటి వాక్యం ఇంకా దొరకలేదు.
వేలు తియ్యలేదు.