వడపోత కాగితం

సావ్ విసెంట్ దీవిలో ఉదయం ఆరున్నర.
ఇవాంద్ర ఇనుప నిచ్చెన ఎక్కుతోంది.
ఇరవై రెండు మెట్లు. తొమ్మిదోది వదులు.
పైన పంపు రాత్రంతా
గుండ్రటి కాగితం గుండా గాలి పీలుస్తూనే ఉంది.
పట్టకారుతో కాగితం తీస్తుంది, ఊపిరి బిగబట్టి.
తన ఊపిరి లెక్కలో పడకూడదు కదా.

ఆగస్టులో కాగితం తెల్లగానే ఉంటుంది,
నాలుకకి తగిలిస్తే ఉప్పు.
తగిలించకూడదు.
ఒక్కసారి తగిలించింది.

జనవరిలో మాత్రం దాల్చినచెక్క రంగు.
అది చాద్ దేశపు మట్టి,
ఎప్పుడో ఎండిన మహా సరస్సు అడుగున
కంటికానని నాచు తొడుక్కున్న గాజు గుల్లలు
గాలి తిరగలిలో పడి పిండై,
ఎడారి దాటి, సముద్రం మీదికొచ్చి
ఈ నాలుగంగుళాల కాగితం మీద వాలింది.
దాని కోసం విమానాలు కూడా ఆగాయి.
మిందేలో రేవులో పడవలు
ఒకదానికొకటి కనపడక గంటలు కొట్టుకున్నాయి.

ఆవిరి తనంతట తాను చినుకు కాలేదు.
పట్టుకు వేలాడడానికి ఏదో ఒకటి కావాలి దానికి,
ఉప్పు రవ్వో, మసి నలుసో, పుప్పొడో.
పాలకి తోడు వేసినట్టే.
తోడు ఎక్కువైతే పెరుగు పులుస్తుంది;
మబ్బు మాత్రం ఇంకా తెల్లబడుతుంది,
వెయ్యిమందికి పంచిన ఒక్క గ్లాసు మజ్జిగలా
ఎవరి గొంతూ తడపకుండా
దీవి మీదుగా దాటిపోతుంది.
కింద మొక్కజొన్న చేలో డోనా జెర్ట్రూడెస్
తలెత్తి చూసి, తిట్టి, తలదించుకుంటుంది.

ఇవాంద్ర తండ్రి అడెలీనో
ముప్పై ఒక్క ఏళ్ళు ఓడల కడుపులో బతికాడు.
రోటర్‌డాంలో ఎక్కడం, సంతోస్‌లో దిగడం, మళ్ళీ ఎక్కడం.
తారులాంటి చమురు మండించాడు.
ఇప్పుడాయన దగ్గు వీధి చివరి బేకరీ వాడికి కూడా పరిచయమే.

ఒక ఆదివారం కూతురు పాత ఉపగ్రహ చిత్రం చూపించింది:
నడి సముద్రం మీద, పల్చని మేఘాల్లో
సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీతలు.
ఇవేమిటి?
ఓడలు నడిచిన దారులు నాన్నా.
మీ పొగలోని గంధకం మబ్బుని తెల్లబరిచింది,
ఆ తెలుపు కొంత ఎండని వచ్చిన దారినే పంపేసింది.
ఇందులో నాదేది?
ఏమో. ఏదో ఒకటి.

ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడిచాడు.
తర్వాత కొత్త చట్టం గురించి చెప్పింది,
శుభ్రమైన చమురు గురించి,
గీతలు చాలావరకు మాసిపోవడం గురించి,
నల్లటి నీళ్ళు ఇప్పుడు ఇంకాస్త ఎండ తాగడం గురించి.

అయితే తప్పు పొగ పెట్టడమా, మానెయ్యడమా?

మసి వారం పది రోజుల్లో వానకి రాలిపోతుంది నాన్నా.
దానితోపాటు ఆ గొట్టంలోంచే ఇంకొకటి వెళ్ళింది,
రంగు లేనిది, వాసన లేనిది,
నా మనవల తర్వాత కూడా పైనే ఉండేది.
వేడి దానిది.
మీ మసి ఉత్త గొడుగు.
మూసేశాక గానీ ఎండెంతో తెలియలేదు.

ఆయన ఒప్పుకోలేదు. వాదించనూ లేదు.
ఆ రాత్రి అన్నం దగ్గర
ఉప్పు అందించమని మాత్రం అన్నాడు.

మర్నాడు తానూ వస్తానన్నాడు.
తొమ్మిదో మెట్టు దగ్గర ఆగి,
పదమూడో మెట్టు దగ్గర కూర్చుని,
ఎలాగో పైకొచ్చాడు.
ఆకాశం లేదు. సముద్రం లేదు.
రెండిటి మధ్యా ఎర్రటి తెర.
ఆమె కొత్త కాగితం బిగిస్తుంటే
సరిగ్గా దాని ముందుకొచ్చి దగ్గాడు,
ఆపుకోలేక, రెండు చేతులూ కమ్మీకి ఆనించి,
ముప్పై ఒక్క ఏళ్ళూ దగ్గాడు.

నియమం ప్రకారం ఆ కాగితం పారెయ్యాలి.

ఇవాంద్ర మూత బిగించింది.
పంపు మీట నొక్కింది.
పుస్తకంలో తేదీ రాసి, పక్కన
గాలి: ఈశాన్యం. ధూళి: అధికం. అని రాసి
ఇతర వివరాలు అన్న గడిలో
చిన్న అక్షరాలతో
అడెలీనో
అని రాసుకుంది.